తాపీపనివాని శిష్యుడు: సెసిల్ షార్పు దొరగారి చరిత్రము

విద్య యనునది గ్రంథములయందును కళాశాలలయందును మాత్రమే లభించునని తలచుట లోకమున సామాన్యము. చదువెరుగని కూలివాని కడ పండితులు సైతము నేర్చుకొనదగిన విద్య యుండవచ్చునని యెంచువారు కొందరే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదివి, లండనులో నొక సంగీత పాఠశాలకు అధ్యక్షులై యుండియు, ఒక తాపీపనివాని యెదుట శిష్యుని వలె కూర్చుండి నేర్చుకొనిన యొక మహాశయుని చరిత్రమును మా చదువరులకు తెలుపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆయన పేరు సెసిల్ జేమ్సు షార్పు. ఇంగ్లండు దేశపు పల్లెపాటలును పల్లెనాట్యములును నశింపక నిలిచినవన్న, అందులకు ముఖ్యకారకులలో ఆయన యొకరు.

షార్పు దొరగారు 1859 సం. నవంబరు 22వ తేదీని లండను నగరమున జన్మించిరి. తండ్రి పలకరాతి వర్తకుడు. ఆ దినము, పాశ్చాత్య క్రైస్తవులు సంగీతమునకు సంరక్షకురాలిగా నెంచు సిసీలియా యను భక్తురాలి పండుగ. ఆయన అప్పింగ్‌హాము పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని క్లేరు కళాశాలలోను గణితశాస్త్రము నభ్యసించి, 1882లో ఆస్ట్రేలియాకు పోయిరి. అచ్చట అడిలైడు నగరమున మొదట బ్యాంకిలో గుమాస్తాగాను, పిదప ప్రధాన న్యాయాధిపతి కడ ఉద్యోగిగాను ఉండిరి. అయినను మనసు సంగీతమును విడువలేదు. 1889లో ఉద్యోగమును మాని, ఆ నగరమందలి సంగీత కళాశాలను మరియొకరితో కలిసి నడపసాగిరి. 1892లో స్వదేశమునకు మరలి, మరుసటి సంవత్సరము వివాహము చేసికొని, లడ్‌గ్రోవు అను బాలుర పాఠశాలలో సంగీతోపాధ్యాయులైరి. 1896 మొదలు 1905 వరకు హాంప్‌స్టెడ్ సంగీత పాఠశాలకు అధ్యక్షులుగా నుండిరి. నలువదవ యేటివరకు ఆయన జీవితమున చెప్పుకొనదగిన వింత యేమియు లేదు. పలువురు సంగీతోపాధ్యాయులలో ఆయనయు నొకరు.

1899 సం. క్రిస్మసు సెలవులలో దొరగారు భార్యాసమేతముగా ఆక్స్‌ఫర్డు సమీపమందలి హెడింగ్టను గ్రామమున అత్తవారింట విడిసిరి. ఆ సంవత్సరము మంచు మిక్కుటముగా కురియుటచే కట్టడపు పనులు నిలిచిపోయెను. పనివారికి కూలి లేదు. పండుగ మరునాడు, అనగా డిసెంబరు 26వ తేదీని, కొందరు పనివారు తెల్లని దుస్తులు ధరించి, కాళ్లకు గజ్జెలు కట్టి, ఆ యింటి వాకిట నాట్యమాడిరి. వారాడినది మారిస్ అను ప్రాచీన నాట్యము. ఆరుగురు రెండు వరుసలుగా నిలిచి, కొన్నిటియందు చేతిరుమాళ్లు విసరుచు, కొన్నిటియందు కర్రలు తాటించుచు ఆడుదురు. మన కోలాటమును చూచినవారికి దీని సొంపు సులభముగా బోధపడును. ఈ నాట్యము పెంతెకొస్తు పండుగ దినములలో ఆడదగినది. చలికాలమున నాడుట ఆచారము కాదని వారే ఒప్పుకొని, పనిలేక నాలుగు డబ్బులకై వచ్చితిమని విన్నవించుకొనిరి.

వారిలో తిత్తివాద్యమైన కాన్సర్టీనాను వాయించుచుండినవాడు విలియం కింబరు. అతడు ఇరువదియేడేండ్ల ప్రాయము గల తాపీపనివాడు. షార్పు దొరగారు ఆ వరుసలను విని అచ్చెరువొందిరి. తాము ఇన్ని యేండ్లుగా బాలురకు నేర్పుచుండిన సంగీతములో ఇట్టి బలమును, ఇట్టి నిర్మలత్వమును వారు కనుగొని యుండలేదు. మరునాడు రమ్మని కింబరును వేడి, అతడు వాయించుచుండగా ఐదు వరుసలను స్వరపరచి వ్రాసికొనిరి. కూలి దొరకని యొక చలిదినము ఇంగ్లండు దేశపు సంగీత చరిత్రమునే మార్చినదని చెప్పిన అతిశయోక్తి కాదు.

1903 సెప్టెంబరులో దొరగారు సామర్సెట్ మండలమందలి హేంబ్రిడ్జి గ్రామమునకు, తమ స్నేహితులైన మార్సను పాదిరిగారి యింటికి పోయిరి. అచ్చట జాన్ ఇంగ్లండు అను తోటమాలి తన పనిచేసికొనుచు పాడిన పాట వారి చెవిని బడెను. ఆ దినము మొదలు దొరగారు పల్లెపల్లెకు తిరిగి, వృద్ధులైన కూలివారి యొద్దను, ముసలమ్మల యొద్దను పాటలు సేకరింపసాగిరి. పాడినవారి పేరు, ఊరు, తేదీ పుస్తకమున వ్రాసికొనుట వారి నియమము. జీవితకాలమున వారు సేకరించిన వరుసలు సుమారు 5,000.

నాట్యములను నేర్పు పని మొదట ఆరంభించినది మేరీ నీల్ అను దొరసాని. ఆమె లండనులో కుట్టుపనిచేసి జీవించు పేద బాలికలకై యొక సంఘమును నడుపుచుండెను. 1905లో ఆమె దొరగారి సలహా నడుగగా, వారు కింబరు పేరు చెప్పిరి. కింబరు తన బంధువుతో లండనుకు వచ్చి ఆ బాలికలకు మారిస్ నేర్పెను. నేర్చిన బాలికలే దేశమంతట తిరిగి ఇతరులకు నేర్పసాగిరి. కాని కొలది యేండ్లకే దొరగారికిని ఆమెకును భేదాభిప్రాయములు కలిగెను. ప్రాచీనులు వేసినట్లే ప్రతి అడుగును తప్పక వేయవలెనని దొరగారి పట్టు. ఆడువారికి ఉల్లాసము కలుగుటయే ప్రధానమని ఆమె పట్టు. ఈ వాదము కఠినమై యిరువురును విడిపోయిరి. దొరగారి పలుకులలో కొన్నియెడల ఔదార్యము లోపించెనని ఒప్పుకొనక తప్పదు. ఖచ్చితము లేక ఉల్లాసము నిలువదు. ఉల్లాసము లేనిచో ఖచ్చితము ఎండిన కర్రయే. ఇరువురి మాటలోను సత్యము కలదని మేము తలచుచున్నాము.

1911లో, షేక్స్‌పియరు మహాకవి జన్మించిన స్ట్రాట్‌ఫర్డు పట్టణమున జరుగు వేసవి నాట్యశిబిరమునకు దొరగారు అధ్యక్షులైరి. ఆ సంవత్సరపు డిసెంబరులోనే ఆంగ్ల పల్లెనాట్య సంఘమును స్థాపించిరి. శిబిరమునకు ఉపాధ్యాయులును, ఉపాధ్యాయినులును దేశపు నలుమూలల నుండి వచ్చి కొన్ని వారములుండి, మారిస్, కత్తినాట్యము, జంటలుగా నాడు పల్లెనాట్యములు నేర్చి, తమ పాఠశాలలకు కొనిపోయెడివారు. దొరగారు అధ్యక్షులై యుండియు పీఠమెక్కి కూర్చుండువారు కారు. తామే పియానో వాయించెడివారు, ఉపన్యసించెడివారు, అందరిచేత పాటలు పాడించెడివారు. తరువాతి సంవత్సరములలో ఎల్సీ ఏవ్రిల్ అను యువతి ఫిడేలు వాయించుచు వారికి తోడ్పడెను.

నాట్యమునకు వాయించుట సులభమని కొందరు తలచుదురు. అది పొరపాటు. సభలో వాయించు విద్వాంసుడు తన ఇచ్చవచ్చినట్లు గతిని పెంచవచ్చును, తగ్గింపవచ్చును. నాట్యమునకు వాయించువాడు తన వ్రేళ్లను గాక నర్తకుల పాదములను చూడవలెను. మారిస్ నాట్యమున నర్తకుడు పైకెగురు ఘట్టము వచ్చినప్పుడు వాద్యగాడు గతిని నిదానింపజేసి, ఆ పాదము మరల నేలనానువరకు స్వరమును నిలుపవలెను. తొందరించినచో నర్తకుడు తడబడును. మిక్కిలి సాగదీసినచో ఉత్సాహము చల్లారును. ఒకే వరుసను పదేపదే వాయించుచున్నను విసుగు కనబడనీయరాదు. కింబరు స్వయముగా నర్తకుడును వాద్యగాడును అగుటచే ఈ మర్మమంతయు అతని కాళ్లలోను చేతులలోను ఉండెను. దొరగారు దానిని అతని కడ గ్రహించి శిబిరమున ఇతరులకు పంచిపెట్టిరి. ఉపన్యాసములకు కింబరును వెంటగొనిపోయి, సభాసదుల యెదుట అతనిచేతనే వాయింపించి, ఆడింపించి గౌరవించిరి.

1914లో మహాయుద్ధము వచ్చెను. దొరగారు తీర్చిదిద్దిన ప్రదర్శక బృందమందలి యువకులు సైన్యమున చేరిరి. వారిలో నలుగురు, జార్జి బటర్‌వర్తు, రెజినాల్డు టిడ్డి, జార్జి విల్కిన్సన్, పర్సివల్ లూకాస్ అనువారు, 1916లో ఫ్రాన్సు దేశమున యుద్ధమందు మరణించిరి. బటర్‌వర్తు సంగీత రచనలో గొప్ప ఆశలు గొలిపిన యువకుడు. అప్పటికతనికి ముప్పదియొక యేండ్లు. నూరేండ్ల వృద్ధుల నుండి నేర్చి నూరేండ్ల తరువాతి వారికి అందింపవలసిన చేతులు ఒక్క వేసవిలో నేలపాలయ్యెను. గురువునకు ఇంతకు మించిన దుఃఖము మరియేది?

ఆ వేసవిలో దొరగారు అమెరికాలో నుండిరి. అచ్చటి అప్పలేచియను పర్వతములలో ప్రాచీన ఆంగ్ల గీతములు జీవించియున్నవని ఆలివ్ కాంబెల్ అను దొరసాని వారికి తెలిపి యుండెను. 1916 మొదలు 1918 వరకు, మొత్తము 46 వారములు, తమ సహాయకురాలు మాడ్ కార్పెలిస్‌తో ఆ కొండదారులలో తిరిగిరి. దొరగారు స్వరములను, ఆమె మాటలను వ్రాసికొనుట వారి పద్ధతి. అప్పటికాయన ఏబది యేండ్లు దాటిన ఉబ్బస రోగి. అయినను పని మానలేదు. 1917లో కెంటకీ రాష్ట్రపు పైన్ మౌంటెన్ పాఠశాలలో, వాద్యమేదియు లేక చప్పట్లతోను కాలితాటింపులతోను మాత్రమే నడచు నాట్యమును చూచి, దానిని వ్రాసి 1918లో ప్రకటించిరి. వాద్యము లేనిచోట చూచువారి చేతులే వాద్యమయ్యెను. ఇచ్చట నొక లోపమును కూడ చెప్పవలెను. ఆంగ్ల మూలము గల గీతములనే వెదకుటచే, ఆ ప్రదేశముల నల్లజాతివారి సంగీతమును దొరగారు దాదాపుగా ఉపేక్షించిరి. గొప్పవారి చూపునకును హద్దులుండును.

1919లో ప్రభుత్వమువారు ఆయనను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో పాటలకును నాట్యములకును ఇన్‌స్పెక్టరుగా నియమించిరి. 1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము సంగీతమున గౌరవ పట్టమొసగెను. 1924 సం. జూను 23వ తేదీని హాంప్‌స్టెడ్‌లో దొరగారు దివంగతులైరి. వారి పేర 1930లో లండనున తెరువబడిన సెసిల్ షార్పు భవనము నేటికిని పాటలకును నాట్యములకును నిలయమై యున్నది.

కింబరు మాత్రము పెక్కేండ్లు జీవించెను. ఇటుకలు పేర్చుచు, కాన్సర్టీనా వాయించుచు, యువకులకు మారిస్ నేర్పుచు కాలము గడిపి, 1961 సం. డిసెంబరు 26వ తేదీని, అనగా దొరగారి యెదుట ఆడిన దినమునకు సరిగా అరువదిరెండేండ్లకు కన్నుమూసెను. వారిరువురిలో గురువెవరు, శిష్యుడెవరు? ఒకరు విద్యనిచ్చిరి, ఒకరు దానిని లోకమునకు చేర్చిరి. ఏ యొక్కరు లేకున్నను ఆ వరుసలు మంచుతోపాటు కరిగిపోయి యుండెడివి.

ప్రియ విద్యార్థులారా, వేసవి సెలవులలో మీలో పలువురు పల్లెలకు పోవుదురు. మీ యింటనో, మీ పొరుగింటనో, కోలాటపు చిందులెరిగిన తాతయో, రోకటిపాట లెరిగిన అవ్వయో ఉండవచ్చును. వారికి అక్షరములు రాకపోవచ్చును. మీరు కాగితమును కలమును గొని వారి యెదుట కూర్చుండి, మొదట వినుడు, పిదప వ్రాయుడు. పాటక్రింద వారి పేరును, ఊరును, తేదీని వ్రాయుట మరువకుడు. షార్పు దొరగారు చేసినది ఇంతమాత్రమే.