ఆంటోనియో డి టోరెస్: అట్టతో గిటార్ చేశాడు.. ఆపై గిటార్లు మానేసి కప్పులూ సాసర్లూ అమ్మాడు!

నోకియా రింగ్‌టోన్ గుర్తుందా? అప్పట్లో బస్సులో ఎవరి ఫోన్ మోగినా అందరూ తమ జేబులు తడుముకునేవాళ్లు. ఆ ట్యూన్ స్పెయిన్ గిటారిస్ట్ ఫ్రాన్సిస్కో తారెగా రాసిన 'గ్రాన్ వాల్స్' లోని ఓ చిన్న ముక్క. ఈ తారెగా కుర్రాడిగా ఉన్నప్పుడు, 1869లో, మంచి గిటార్ కోసం సెవిల్లె నగరానికి వెళ్లాడు. షాపు ఓనర్ ముందు ఓ మామూలు గిటార్ చేతికిచ్చాడు. కుర్రాడు వాయించడం విన్నాక మాత్రం లోపలికెళ్లి, 1864లో తన కోసమే చేసుకున్న గిటార్ తెచ్చి ఇచ్చేశాడు. తారెగా దాన్ని ఏళ్ల తరబడి వాయించాడు.

ఆ షాపు ఓనరే ఆంటోనియో డి టోరెస్ హురాదో. ఇవాళ మనం చూసే నైలాన్ తీగల గిటార్ సైజు, షేప్, లోపలి కట్టు.. అన్నీ చాలావరకు ఆయన ఖాయం చేసినవే.

ఇంతకీ ఎవరీ టోరెస్? 1817లో దక్షిణ స్పెయిన్‌లోని అల్మేరియా దగ్గర పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే చిరుద్యోగి. పన్నెండేళ్లకే వడ్రంగి పనిలో చేరాడు. ఇంతలో దేశంలో సింహాసనం కోసం యుద్ధం మొదలైంది. కుర్రాళ్లను సైన్యంలోకి లాక్కెళ్తున్న రోజులవి. టోరెస్‌నూ తీసుకెళ్లారు. తండ్రి కిందామీదా పడి, ఆరోగ్యం బాలేదని చూపించి వెనక్కి తెచ్చుకున్నాడు. మళ్లీ పిలుపు రాకుండా 1835లో హడావుడిగా పెళ్లి చేశాడు. పెళ్లికూతురు హువానాకు అప్పటికి 13 ఏళ్లే!

తర్వాత పదేళ్లూ కష్టాలే. అప్పులు మీద పడ్డాయి. ముగ్గురు ఆడపిల్లలు పుడితే చిన్నవాళ్లిద్దరూ చనిపోయారు. 1845లో భార్య కూడా క్షయతో పోయింది. ఆమెకప్పుడు 23 ఏళ్లు. టోరెస్ ఊరొదిలి సెవిల్లె చేరాడు. గిటార్ల పని సీరియస్‌గా పట్టుకుంది అక్కడే, అదీ దాదాపు ముప్ఫై దాటాక.

హూలియన్ ఆర్కాస్ అనే గిటారిస్ట్‌ది కూడా అల్మేరియా ప్రాంతమే. మంచి సౌండ్ ఎక్కడి నుంచి వస్తుందో వెతకమని టోరెస్‌ను ముందుకు తోసింది ఆయనే అంటారు. 1856లో టోరెస్ చేసిన 'లా లియోనా' గిటార్, అంటే ఆడ సింహం, ఆర్కాస్ చేతిలో మోగింది. 1858లో సెవిల్లె ఎగ్జిబిషన్‌లో టోరెస్‌కు మెడల్ కూడా వచ్చింది.

అసలు ఆయన చేసిందేంటి? గిటార్ బాడీని పెద్దది చేశాడు. పై పలకను బాగా పల్చగా చెక్కాడు. పల్చటి పలక తీగల లాగుడుకు వంగిపోకుండా, లోపల ఏడు సన్నటి పుల్లల్ని విసనకర్రలా పరిచి అతికించాడు. ఈ విసనకర్ర కట్టు ఆయన కనిపెట్టింది కాదు, పాత మేస్త్రీలు కొందరు ముందే వాడారు. కానీ దాన్ని లెక్క ప్రకారం కుదిర్చింది టోరెసే.

గిటార్ గొంతంతా పై పలకలోనే ఉందని ఆయన నమ్మకం. వాదించడం దేనికని 1862లో ఓ పని చేశాడు. పై పలక మంచి చెక్కతో పెట్టి, పక్కలూ వెనక భాగం మాత్రం అట్టతో చేశాడు. అవును, అట్టే! ఆ గిటార్ ఇప్పుడు బార్సిలోనా మ్యూజిక్ మ్యూజియంలో ఉంది.

ఫ్లమెంకో గిటార్ సంగతికొస్తే, ఆ రోజుల్లో క్లాసికల్ వేరు, ఫ్లమెంకో వేరు అన్న గీతే సరిగ్గా లేదు. తేడా ఎక్కువగా జేబులోనే. రోజ్‌వుడ్ విదేశాల నుంచి రావాలి, ఖరీదెక్కువ. సైప్రస్ చెక్క స్పెయిన్‌లోనే దొరుకుతుంది, చవక. టోరెస్ రెండింటితోనూ చేశాడు. పాటగాళ్లు, డాన్సర్ల పక్కన కూర్చుని వాయించేవాళ్ల చేతుల్లోకి వెళ్లింది మాత్రం సైప్రస్ గిటారే. చవకని తీసుకున్నది, చివరికి అదే కావాలనిపించింది!

ఎందుకంటే సైప్రస్ గిటార్ ఒళ్లో పెట్టుకుంటే బరువే తెలియదు. తీగలు కిందికి, వేళ్లకు దగ్గరగా ఉంటాయి. గోళ్లతో ఒక్కసారి విదిలిస్తే సౌండ్ చెళ్లుమని లేస్తుంది, అంతే వేగంగా ఆగిపోతుంది. విడిగా వింటే లోపం అనిపించొచ్చు. పక్కనే డాన్సర్ మడమలు టకటకలాడుతుంటే తెలుస్తుంది అసలు సంగతి. సౌండ్ సాగితే తాళం మొత్తం ముద్దయిపోతుంది. తీగ కాస్త బరబరమన్నా ఫ్లమెంకో వాళ్లు తప్పు పట్టరు, అదే ఇష్టపడతారు. వేళ్లతో పలక మీదే దరువేస్తారు కాబట్టి, దెబ్బలు తగిలే చోట పల్చటి ప్లేట్ అతికిస్తారు. ఈ రకాన్ని పూర్తిగా వేరు చేసి సానబెట్టింది మాత్రం తర్వాతి తరం మేస్త్రీలు.

ఇంత పేరొచ్చాక టోరెస్ హాయిగా ఉన్నాడనుకుంటున్నారా? 1870 ప్రాంతంలో సెవిల్లె షాపు మూసేసి, రెండో భార్య హోసెఫాతో అల్మేరియా వచ్చేశాడు. పింగాణీ, గాజు సామాన్ల కొట్టు పెట్టాడు. కొన్నేళ్లపాటు గిటార్ జోలికే పోలేదు. 1875లో మళ్లీ ఉలి పట్టాడు, అదీ ఖాళీ టైమ్‌లో. అప్పటి నుంచి చేసిన గిటార్ల లేబుళ్ల మీద రెండో దశ అని రాసి, నంబర్లు వేసుకునేవాడు. 1883లో హోసెఫా కూడా చనిపోయింది. ఆ తర్వాత పూర్తిగా గిటార్లలోనే పడ్డాడు. ఏడాదికి డజను దాకా చేసేవాడు.

వయసు మీదపడ్డాక ఊరి ఫాదర్ ఒకరు వచ్చి పనిలో సాయం చేసేవారు. నీ రహస్యం ఏంటని అడిగితే, అది తన బొటనవేలు, చూపుడువేలు చివర్లలో ఉందని, చెప్పాలన్నా కుదరదని టోరెస్ అనేవాడట. పలక ఎక్కడ ఎంత పల్చగా ఉండాలో ఆ రెండు వేళ్లతో నొక్కి చూసుకునేవాడు మరి.

1892 నవంబర్ 19న, 75 ఏళ్ల వయసులో ఆయన చనిపోయాడు. అప్పటికీ గిటార్లు చేస్తూనే ఉన్నాడు.