ఉద్యోగం కోసం తెలుగు నేర్చిన బ్రౌన్ దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనగానే వేమన పద్యాలు, నిఘంటువు గుర్తొస్తాయి. కానీ ఆయన తెలుగు మొదలుపెట్టింది సాహిత్యం మీద ప్రేమతో కాదు, అచ్చంగా నౌకరీ కోసం.

1798లో కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతగురువు, బహుభాషాభిమాని. పిల్లలకు చిన్నప్పుడే పర్షియన్, హిందుస్తానీ లాంటి భాషలు చెప్పించారు. 1812లో తండ్రి చనిపోవడంతో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. అక్కడ కంపెనీ కొలువుకు చదువుకుని 1817లో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి తెలుగు ఒక్క ముక్క రాదు.

కొత్తగా వచ్చినవాళ్లను కంపెనీ నేరుగా జిల్లాలకు పంపేది కాదు. సెయింట్ జార్జి కోట కాలేజీలో దేశభాషలు నేర్చి పరీక్ష గట్టెక్కాలి. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకుని, 1820లో పరీక్ష పాసై, కడప కలెక్టర్ దగ్గర సహాయకుడిగా చేరారు. భాష రాని దొరకి దుబాసీ చెప్పిందే నిజం. రైతు ఏం మొరపెట్టుకున్నాడో సొంత చెవులతో వినాలంటే పరీక్ష తెలుగు చాలదు.

పరీక్షతోనే పుస్తకం మూసేసిన దొరలు లేకపోలేదు. బ్రౌన్ మూయలేదు. వేమన ప్రతులు వెతికించి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించారు. కడపలో బంగళా కొని పండితులను జీతాలిచ్చి పెట్టుకున్నారు. ఖర్చు జీతాన్ని దాటి అప్పుల్లోకి వెళ్లింది.

1834లో ఉద్యోగమే పోయింది. ఇంగ్లండ్ వెళ్లినా ఊరుకోలేదు, కంపెనీ లైబ్రరీలో మూలపడ్డ దక్షిణాది రాతప్రతులను బయటికి తీశారు. కొన్నేళ్లకు తిరిగొస్తే మద్రాసులో దొరికింది పర్షియన్ అనువాదకుడి పని. చిన్ననాటి భాష మళ్లీ అన్నం పెట్టింది. తర్వాత ప్రభుత్వ తెలుగు అనువాదకుడూ అయ్యారు.

1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. దాన్ని అందరూ తలుచుకుంటారు గానీ, అదే ఏడాది వచ్చిన 'జిల్లా డిక్షనరీ' సంగతి చాలామందికి తెలియదు. సర్కారు పనుల్లో, వ్యవహారాల్లో నలిగే మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం అది. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు, మిశ్రమ భాషకు మరో నిఘంటువే కూర్చారు. అర్జీ, వకీలు, జామీను, రసీదు, రాజీనామా... పార్సీ, అరబ్బీల నుంచి వచ్చిన ఈ మాటలను గ్రాంథిక పండితులు మెచ్చకపోవచ్చు, కానీ కచేరీలో అవి లేకుండా పూట గడవదు. ఈనాటికీ తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే సగం మాటలు అవే.

1855లో బ్రౌన్ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. పదేళ్ల తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీ ఆయన్ను తెలుగు ప్రొఫెసర్‌గా పెట్టుకుంది. ఒకప్పుడు అక్షరాలు దిద్దిన భాషకే పంతులయ్యారన్నమాట. 1884లో కన్నుమూశారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం నడుస్తున్నాయి.