కత్తిమీద సాము – సి.డి. దేశ్‌ముఖ్

ప్రజాధనాన్ని కాపాడే సంస్థ పాలకుల ఒత్తిళ్లకు లొంగరాదు. అలాగని ఎవరికీ జవాబుదారీ కాకుండానూ ఉండరాదు. ఈ రెండింటినీ సమన్వయం చేయడం కత్తిమీద సాము వంటిది. ఆ సామును ఇరువైపులా నిలిచి చేసిన పరిపాలనాదక్షుడు చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్.

ఆయన 1896 జనవరి 14న నేటి మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లా నాతే గ్రామంలో జన్మించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రాలు అభ్యసించి, 1918లో ఐ.సి.ఎస్. పరీక్షలో ప్రథమస్థానం పొందారు. సంస్కృత సాహిత్యమన్నా ఆయనకు ఎనలేని మక్కువ.

1935లో వాటాదారుల సంస్థగా ప్రారంభమైన రిజర్వు బ్యాంకులో దేశ్‌ముఖ్ 1939లో చేరారు. 1943లో దానికి తొలి భారతీయ గవర్నరు అయ్యారు. దేశ విభజన అనంతరం 1948 జూన్ వరకు పాకిస్థాన్‌కు సైతం ఈ బ్యాంకే కేంద్రబ్యాంకుగా సేవలందించింది. 1949 జనవరి 1న బ్యాంకు జాతీయమైంది. ప్రజాప్రయోజనం దృష్ట్యా ప్రభుత్వం బ్యాంకును ఆదేశించవచ్చు. అయితే ముందుగా గవర్నరును సంప్రదించి తీరాలని చట్టం నిర్దేశించింది. అదే ఏడాది వచ్చిన మరో చట్టం వాణిజ్య బ్యాంకులను తనిఖీ చేసే అధికారాన్ని రిజర్వు బ్యాంకుకు కట్టబెట్టింది. ఇతరులను పర్యవేక్షించే సంస్థ తానూ పర్యవేక్షణకు లోబడింది.

1950లో దేశ్‌ముఖ్ కేంద్ర ఆర్థికమంత్రి అయ్యారు. నిన్న ఆదేశాలు అందుకునే స్థానంలో ఉన్నవారే నేడు వాటిని జారీచేసే స్థానంలో కూర్చున్నారు. బొంబాయి నగర భవితవ్యంపై మంత్రివర్గంతో విభేదించి, 1956లో ఆ పదవిని తృణప్రాయంగా త్యజించారు. మరుసటి ఏడాదే ఆర్థికశాఖతో పొసగక గవర్నరు బెనగళ్ రామారావు రాజీనామా చేశారు. చట్టంలోని సంప్రదింపు నియమం ఒక్కటే చాలదనీ, పరస్పర గౌరవం కూడా అవసరమనీ ఆ ఘటన చాటింది.

పిమ్మట దేశ్‌ముఖ్ 1961 వరకు విశ్వవిద్యాలయాల నిధుల సంఘానికి అధ్యక్షత వహించారు. అక్కడా ఇదే సమస్య. నిధులిచ్చే సంఘం ప్రమాణాలను పరిశీలించాలి. విద్యాలయాల స్వేచ్ఛను హరించరాదు. ఆ సంఘం సైతం జాతీయ ప్రయోజనాలకు సంబంధించిన విధానాలలో కేంద్రప్రభుత్వ ఆదేశాలకు బద్ధమై ఉండాలి.

1953లో ఆయన రాజమండ్రి ఆడపడుచు, ఆంధ్ర మహిళాసభ స్థాపకురాలు దుర్గాబాయిని వివాహమాడి తెలుగువారికి ఆత్మీయులయ్యారు. 1982 అక్టోబరు 2న హైదరాబాదులో కన్నుమూశారు. స్వేచ్ఛ, పర్యవేక్షణ పరస్పర శత్రువులు కావనీ, ఒకదానికొకటి హద్దు గీసుకున్నప్పుడే ప్రజలకు మేలు కలుగుతుందనీ ఆయన జీవితం మనకు తెలుపుతుంది.