గనిలోంచి వచ్చిన కెప్టెన్: జాక్ స్టీన్

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఒక మనిషి ఏ మతంవాడో తెలుసుకోవాలంటే నేరుగా అడగక్కర్లేదు. ఏ బడిలో చదివావని అడిగితే చాలు. మన దగ్గర ఇంటిపేరు అడిగినట్టు, ఊళ్లో మీ ఇల్లు ఎటువైపని అడిగినట్టు. పేరు, బడి, అభిమానించే ఫుట్‌బాల్ జట్టు తెలిస్తే ఆ మనిషి ప్రొటెస్టెంటా, కేథలిక్కా అన్నది తేలిపోయేది. అలాంటి నగరంలో ప్రొటెస్టెంట్ ఇంట పుట్టిన ఒక బొగ్గుగని కార్మికుడు, కేథలిక్కుల జట్టుగా పేరుబడ్డ సెల్టిక్‌కు కెప్టెన్ అయ్యారు. 1953-54 సీజన్‌లో ఆ జట్టుకు నలభై ఏళ్లుగా అందని విజయాన్ని అందించారు. ఆయనే జాక్ స్టీన్.

బర్న్‌బ్యాంక్ కుర్రాడు

స్టీన్ 1922 అక్టోబరు 5న లానార్క్‌షైర్‌లోని బర్న్‌బ్యాంక్‌లో పుట్టారు. చుట్టూ బొగ్గు గనులే. బడి మానేశాక కొన్నాళ్లు తివాచీల కార్ఖానాలో పనిచేసి, తర్వాత గనిలోకి దిగారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దేశానికి బొగ్గు కావాలి కాబట్టి గని కార్మికులను సైన్యానికి పంపలేదు. అలా స్టీన్ గనిలోనే ఉండిపోయారు. 1942లో కోట్‌బ్రిడ్జ్ పట్టణంలోని ఆల్బియన్ రోవర్స్ అనే చిన్న జట్టులో చేరారు. వారమంతా భూమి కింద పని, శనివారం మైదానంలో ఆట.

గనిలో పక్కవాడు జాగ్రత్తగా ఉంటేనే మనం ప్రాణాలతో పైకి వస్తాం. అక్కడ చీకట్లో అందరి మొహాలూ ఒకే రంగులో ఉంటాయి, పక్కన ఉన్నవాడు ఏ చర్చికి వెళతాడన్నది లెక్కలోకి రాదు. స్టీన్ జీవితాంతం మనుషుల్ని అంచనా వేసిన తీరుకు పునాది అక్కడే పడింది.

1950లో వేల్స్‌లోని లానెల్లీ జట్టుకు వెళ్లారు. స్కాట్లాండ్‌లోని ఆయన ఇంట్లో రెండుసార్లు దొంగలు పడ్డారు. భార్య వెనక్కి వెళ్లిపోదామన్నారు. ఆట మానేసి మళ్లీ గనిలో చేరదామని ఆయన అనుకుంటుండగా 1951 డిసెంబరులో సెల్టిక్ నుంచి పిలుపు వచ్చింది. ధర 1,200 పౌండ్లు. అప్పటికి ఆయన వయసు 29. రిజర్వు జట్టులో కుర్రాళ్లకు తోడుగా ఉంటాడని మాత్రమే తీసుకున్నారు.

రెండు జట్లు, ఒక గోడ

1840ల కరువులో ఐర్లాండ్ నుంచి వేలాది పేద కేథలిక్కులు గ్లాస్గోకు వలస వచ్చారు. తక్కువ కూలీకి బరువు పనులు చేశారు. నైపుణ్యం ఉన్న పనుల్లో వాళ్లకు తలుపులు మూసేశారు. 1923లో చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ సభ ముందుకు వచ్చిన ఒక నివేదిక ఐరిష్ జాతిని స్కాట్లాండ్‌కు ముప్పుగా చిత్రించింది. ఆ చర్చి దీనికి క్షమాపణ చెప్పింది 2002లో.

సెల్టిక్ ఈ పేదల మధ్యే పుట్టింది. 1887లో వాల్‌ఫ్రిడ్ అనే కేథలిక్ బ్రదర్, ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు కూడబెట్టాలని ఈ క్లబ్బును మొదలుపెట్టారు. మరోవైపు రేంజర్స్ ప్రొటెస్టెంట్ల జట్టుగా స్థిరపడింది. కేథలిక్ ఆటగాళ్లను తీసుకోకూడదన్న నియమం అక్కడ ఏ కాగితం మీదా లేదు. అయినా దశాబ్దాల పాటు అమలైంది. కాగితం మీద లేని నియమాలు ఎంత గట్టిగా అమలవుతాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సెల్టిక్ మాత్రం మొదటినుంచీ ప్రొటెస్టెంట్ ఆటగాళ్లను తీసుకునేది.

ఇది అంటరానితనం కాదు. రెండు మతాలవాళ్లూ ఒకే గనిలో దిగేవారు, ఒకే వీధిలో ఉండేవారు. కానీ పుట్టుకను చూసి ఎవరు ఎక్కడిదాకా ఎదగవచ్చో ముందే తేల్చేసే పద్ధతి మాత్రం అక్కడా ఉంది.

స్టీన్ కుటుంబం రేంజర్స్ అభిమానులు. ఆయన సెల్టిక్ చొక్కా వేసుకోగానే చిన్ననాటి స్నేహితులు కొందరు మాట్లాడటం మానేశారు. సరిగ్గా అదే కాలంలో, 1952లో, సెల్టిక్ మైదానంపై ఎగిరే ఐర్లాండ్ జెండాను దించేయాలని ఫుట్‌బాల్ సంఘం ఒత్తిడి తెచ్చింది. సెల్టిక్ ఒప్పుకోలేదు. ఆ వివాదంలో రేంజర్స్ సెల్టిక్ పక్షాన నిలిచింది. ఆ రెండు జట్ల మధ్య పోటీ వల్ల వచ్చే గేటు డబ్బు ఇద్దరికీ అవసరమే.

1953-54

సెంటర్ హాఫ్‌లు గాయపడటంతో స్టీన్‌కు మొదటి జట్టులో చోటు దొరికింది. కెప్టెన్ షాన్ ఫాలన్ ఐర్లాండ్ నుంచి వచ్చిన కేథలిక్. తన తర్వాతి స్థానానికి ఆయన స్టీన్‌ను ఎంచుకున్నారు. ఫాలన్ చెయ్యి విరగడంతో కెప్టెన్సీ స్టీన్ చేతికి వచ్చి, ఆయన దగ్గరే ఉండిపోయింది.

1953 మేలో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం పేరుతో ఎనిమిది ఇంగ్లిష్, స్కాటిష్ జట్లకు కరోనేషన్ కప్ పెట్టారు. ఆ ఏడు లీగ్‌లో ఎనిమిదో స్థానంలో ఉన్న సెల్టిక్‌ను జనం వస్తారనే పిలిచారు. స్టీన్ జట్టు ఆర్సెనల్‌ను, మాంచెస్టర్ యునైటెడ్‌ను, ఫైనల్లో హిబర్నియన్‌ను ఓడించి కప్పు తీసుకుపోయింది.

తర్వాతి సీజన్‌లో 30 ఆటల్లో 20 గెలిచి, 43 పాయింట్లతో లీగ్ టైటిల్ గెలుచుకుంది. రెండో స్థానంలో ఉన్న హార్ట్స్‌కు 38. సెల్టిక్‌కు 1938 తర్వాత ఇదే మొదటి లీగ్ టైటిల్. ఏప్రిల్ 24న హాంప్డెన్ పార్కులో దాదాపు లక్షా ముప్పై వేల మంది ముందు అబర్డీన్‌ను 2-1తో ఓడించి స్కాటిష్ కప్ కూడా గెలిచింది. ఒకే ఏడు లీగ్, కప్ రెండూ గెలవడం సెల్టిక్‌కు 1914 తర్వాత అదే. కప్పు అందుకున్నది బర్న్‌బ్యాంక్ ప్రొటెస్టెంట్ ఇంటి బిడ్డ.

బహుమతిగా క్లబ్బు ఆటగాళ్లను స్విట్జర్లాండ్‌లో ప్రపంచకప్ చూడటానికి తీసుకెళ్లింది. అక్కడ సరైన సన్నాహం లేకుండా వచ్చిన స్కాట్లాండ్ ఉరుగ్వే చేతిలో 7-0తో ఓడింది. ప్రతిభ ఉన్నా సిద్ధపడకపోతే ఏమవుతుందో స్టీన్ కళ్లారా చూశారు.

కుర్చీ దగ్గర ఆగిన గీత

1955లో రేంజర్స్‌తో ఆటలో చీలమండ దెబ్బతింది. 1957లో ఆట వదిలేశారు. సెల్టిక్ రిజర్వు కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి మంచి పేరు తెచ్చుకున్నారు. అయితే అప్పటిదాకా సెల్టిక్ మేనేజర్లందరూ కేథలిక్కులే. ఆడటానికి, కప్పు ఎత్తడానికి అడ్డురాని పుట్టుక మేనేజర్ కుర్చీకి అడ్డొస్తుందని స్టీన్ నమ్మారు. 1960లో డన్‌ఫర్మ్‌లిన్‌కు వెళ్లిపోయారు. దిగువ డివిజన్‌కు పడిపోబోతున్న ఆ జట్టును నిలబెట్టి, మరుసటి ఏడాదే స్కాటిష్ కప్ ఫైనల్లో సెల్టిక్‌నే ఓడించారు.

1965లో సెల్టిక్ ఆయన్ను వెనక్కి పిలిచింది. మొదట ఫాలన్‌తో కలిసి అధికారం పంచుకోమన్నారు. స్టీన్ ఒప్పుకోలేదు. పూర్తి అధికారం ఇస్తేనే వస్తానని పట్టుబట్టి సాధించుకున్నారు. అలా సెల్టిక్‌కు మొదటి ప్రొటెస్టెంట్ మేనేజర్ అయ్యారు.

రెండేళ్లకు, 1967 మే 25న లిస్బన్‌లో ఇంటర్ మిలాన్‌ను 2-1తో ఓడించి సెల్టిక్ యూరోపియన్ కప్ గెలిచింది. బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన తొలి జట్టు అదే. ఆ పదకొండుమందీ సెల్టిక్ మైదానానికి 30 మైళ్ల లోపు పుట్టినవారే. వారిలో కేథలిక్కులూ ఉన్నారు, ప్రొటెస్టెంట్లూ ఉన్నారు. 1966 నుంచి 1974 దాకా వరుసగా తొమ్మిదిసార్లు లీగ్ టైటిల్ సెల్టిక్‌దే.

1972లో స్టర్లింగ్‌లో ఆట జరుగుతుండగా సొంత అభిమానులే మతద్వేషం నిండిన పాటలు ఎత్తుకున్నారు. స్టీన్ నేరుగా ఆ జనంలోకి వెళ్లి వాళ్ల నోళ్లు మూయించారు. ఎదుటివాడి ద్వేషాన్ని ఖండించడం సులువు, తనవాళ్లను నిలదీయడం కష్టం. ఆయన ఆ కష్టమైన పని చేశారు.

1978లో స్కాట్లాండ్ జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నారు. 1984-85 గని కార్మికుల సమ్మెలో వాళ్ల పక్షాన నిలిచారు. చందా డబ్బాలో డబ్బు వేయకుండా వెళ్లే ఫుట్‌బాల్ మనుషులను ఆపి మందలించేవారు. 1985 సెప్టెంబరు 10న కార్డిఫ్‌లో వేల్స్‌తో ఆట 1-1తో ముగిసే వేళ కుప్పకూలి, మైదానం గదిలోనే కన్నుమూశారు. వయసు 62.

రేంజర్స్‌లోని ఆ రాయని నియమం బద్దలైంది ఆయన పోయిన నాలుగేళ్లకు, 1989లో, మో జాన్‌స్టన్ అనే కేథలిక్ ఆటగాడిని తీసుకున్నప్పుడు. అప్పుడు కూడా కొందరు అభిమానులు తమ జట్టు కండువాలను వీధిలో తగలబెట్టారు. ఒక మనిషి ఎంత ఎత్తుకు ఎదిగినా గోడ దానంతట అది కూలదు. కానీ పుట్టుకతో సంబంధం లేకుండా నాయకుడిని ఎంచుకున్న జట్టు ఏం సాధించగలదో 1954లో ఒకసారి, 1967లో మరోసారి గ్లాస్గో చూసింది. ఆ తర్వాత గోడను సమర్థించేవారికి చెప్పుకోవడానికి ద్వేషం తప్ప ఇంకే కారణమూ మిగల్లేదు.