బదిలీల ఇంజనీరు కూలుమ్

పిల్లలూ! ఐఐటీ గోడ పక్కనున్న జియా సరాయ్ సందుల్లోకి వెళితే పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ షాపులు కనిపిస్తాయి. అక్కడ ఏ భౌతికశాస్త్రం పుస్తకం తెరిచినా, యాంత్రికశాస్త్రంలో ఘర్షణ అనే అధ్యాయం తప్పక ఉంటుంది. మీరు స్టాటిక్ ఫ్రిక్షన్, కైనెటిక్ ఫ్రిక్షన్ అని చదివేవాటినే తెలుగులో స్థైతిక ఘర్షణ, గతిక ఘర్షణ అంటాం. ఆ నియమాలను ప్రయోగాలతో గట్టిపరచిన వ్యక్తి అప్పటికి ప్రొఫెసరేమీ కాదు. మీ అమ్మానాన్నల్లాగే బదిలీల ఉద్యోగి. ఆయనే షార్ల్ ఒగుస్తెన్ ద కూలుమ్.

కూలుమ్ 1736 జూన్ 14న ఫ్రాన్స్‌లోని అంగులేమ్ పట్టణంలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం పారిస్‌కు మారింది. కొడుకును వైద్యుణ్ణి చేయాలని తల్లి కోరిక. అతనికేమో గణితం మీద మనసు. ఈ విషయంలో ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. తండ్రి డబ్బంతా పోగొట్టుకుని మోన్‌పెలియే చేరితే, కూలుమ్ కూడా అక్కడికే వెళ్లిపోయాడు. తర్వాత మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో చదివి, 1761లో ఇంజనీరుగా బయటికి వచ్చాడు.

అప్పటినుంచి బదిలీలే. మొదట బ్రెస్ట్ రేవు. 1764లో సముద్రాలు దాటి కరీబియన్ దీవి మార్టినీక్. అక్కడ ఒక కోట కట్టించే బాధ్యత అప్పగించారు. ఎండ, జ్వరాలు, వందలమంది పనివాళ్ల మీద అజమాయిషీ. ఎనిమిదేళ్లు అలా గడిచేసరికి ఆరోగ్యం దెబ్బతిని, జీవితాంతం పూర్తిగా కోలుకోలేదు. కానీ అక్కడే గోడ ఎందుకు కూలుతుంది, మట్టి ఎంత బలంతో నెడుతుంది అనే ప్రశ్నలు ఆయనకు పుస్తకంలో కాక కళ్ల ముందు కనిపించాయి. తిరిగి వచ్చాక, 1773లో వాటి మీద పారిస్ సైన్స్ అకాడమీకి ఒక వ్యాసం సమర్పించాడు. నేటికీ సివిల్ ఇంజనీర్లు మట్టి ఒత్తిడిని లెక్కగట్టేటప్పుడు ఆయన పేరు తలుస్తారు.

తర్వాత బుషాన్, షెర్‌బూర్, 1779లో రోష్‌ఫోర్. రోష్‌ఫోర్‌లో పెద్ద నౌకానిర్మాణ కేంద్రం ఉంది. ఓడను కట్టేది వాలుగా ఉన్న వేదిక మీద. కట్టడం పూర్తయ్యాక అది నీళ్లలోకి జారాలి. కదలకపోతే తంటా, అదుపు తప్పితే ప్రమాదం. కాబట్టి ఘర్షణ ఎంతో తెలియడం నావికాదళానికి చాలా అవసరం. అకాడమీ కూడా ఘర్షణ, తాళ్ల బిరుసుతనం మీద బహుమతి ప్రకటించింది. మొదటిసారి తగిన వ్యాసం రాకపోవడంతో బహుమతిని రెట్టింపు చేసి, 1781కి మళ్లీ పోటీ పెట్టింది.

కూలుమ్ ఆ ఓడల కర్మాగారాన్నే ప్రయోగశాలగా మార్చుకున్నాడు. గట్టి బల్ల మీద చెక్క బండి పెట్టి, దానిపై బరువులు వేశాడు. బండికి తాడు కట్టి, కప్పీ మీదుగా వేలాడదీసి, రెండో కొసకు బరువులు కడుతూ పోయాడు. ఎంత బరువుకు బండి కదిలింది? కదిలాక నడవడానికి ఎంత సరిపోయింది? ఓక్ చెక్క మీద ఓక్, చెక్క మీద ఇనుము, ఇనుము మీద ఇత్తడి, కొవ్వు పూసి, పూయకుండా ఇలా ఓపికగా కొలిచాడు.

ఘర్షణ బరువును బట్టి పెరుగుతుందని, తాకే వైశాల్యం మీద ఆధారపడదని 1699లోనే ఆమోంతోన్ చెప్పాడు. కూలుమ్ దాన్ని పెద్ద బరువులతో సరిచూశాడు. జారే వేగం మారినా గతిక ఘర్షణ పెద్దగా మారదని చూపాడు. ఇంకో సంగతి కూడా గమనించాడు. చెక్క మీద చెక్కను కాసేపు కదలకుండా ఉంచితే, దాన్ని కదిలించడానికి కావలసిన బలం పెరుగుతుంది. కొద్ది నిమిషాల తర్వాత ఇక పెరగదు. చెక్క మీద లోహమైతే ఈ పెరుగుదల చాలా నెమ్మది. లోహం మీద లోహానికి ఆ తేడా దాదాపు కనబడలేదు.

ఇప్పుడు మన ఇంటి ఉదాహరణ. సామాను సర్దేటప్పుడు 40 కిలోల ట్రంకుపెట్టెను నెడుతున్నారనుకోండి. గురుత్వ త్వరణం 10 అనుకుంటే అభిలంబ బలం 400 న్యూటన్లు. స్థైతిక ఘర్షణ గుణకం 0.5, గతిక ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. మీరు 100 న్యూటన్లతో నెడితే ఘర్షణ కూడా సరిగ్గా 100 న్యూటన్లే, పెట్టె కదలదు. 150తో నెడితే ఘర్షణ కూడా 150. అంటే స్థైతిక ఘర్షణ ఒకే అంకె కాదు. అవసరమైనంత పెరుగుతుంది, 200 దగ్గర దాని హద్దు. దాన్ని దాటగానే పెట్టె కదులుతుంది. ఆ తర్వాత ఒకే వేగంతో జరపడానికి 160 చాలు. పరీక్షలో చాలామంది 100 న్యూటన్ల ప్రశ్నకు కూడా 200 అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. జాగ్రత్త!

కూలుమ్‌కు 1781లో ఆ బహుమతి వచ్చింది, అకాడమీ సభ్యత్వమూ వచ్చింది. 45 ఏళ్ల వయసులో పారిస్‌లో స్థిరంగా ఉండే అవకాశం దొరికింది. అక్కడే మెలితిరిగే సన్నని తీగతో త్రాసు చేసి, 1785లో విద్యుదావేశాల మధ్య బలానికి సూత్రం చెప్పాడు. ఆవేశానికి ప్రమాణంగా 1881లో ఆయన పేరే పెట్టారు. అయితే అన్నీ పూలబాటలు కావు. బ్రిటనీ ప్రాంతంలో తవ్వదలచిన కాలువల గురించి పెద్దలకు నచ్చని నివేదిక ఇచ్చినందుకు 1783లో వారం రోజులు జైల్లో ఉన్నాడు. అయినా తన అభిప్రాయం మార్చుకోలేదు. చివరి సంవత్సరాల్లో ప్రభుత్వ విద్యాశాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా పాఠశాలల పని చూశాడు. 1806 ఆగస్టు 23న పారిస్‌లో కన్నుమూశాడు.

కొత్త ఊరు, కొత్త బడి, కొత్త నేస్తాలు. మొదటి వారాలు ఎంత బరువుగా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. కూలుమ్‌కైతే ఒక బదిలీ ఆరోగ్యాన్నే తీసుకుపోయింది. కానీ వెళ్లిన ప్రతిచోటా అక్కడ మాత్రమే దొరికే ప్రశ్న ఒకటి పట్టుకున్నాడు: దీవిలో మట్టి, రేవులో ఓడ. మనం నేర్చుకోవలసింది అదే.

జియా సరాయ్ పక్కనే ఐఐటీ ఢిల్లీలో ఈనాటికీ ఘర్షణ, అరుగుదల, కందెనల మీద పరిశోధన సాగుతోంది. ఆ శాస్త్రాన్ని ట్రైబాలజీ అంటారు. మీరూ మొదలుపెట్టవచ్చు. చెక్క పలక మీద పుస్తకం పెట్టి, ఒక వైపు మెల్లగా ఎత్తండి. పుస్తకం జారిన క్షణంలో పలక ఎత్తును, కింద నేల మీది అడుగు పొడవుతో భాగించండి. వచ్చేదే స్థైతిక ఘర్షణ గుణకం. తర్వాత వాలు కాస్త తగ్గించి, పుస్తకాన్ని వేలితో తట్టి చూడండి. ఏ వాలులో అది ఒకే వేగంతో జారుతుందో, అక్కడ అదే భాగహారం గతిక ఘర్షణ గుణకాన్ని ఇస్తుంది. రెండు అంకెల్లో ఏది పెద్దదో నోటుబుక్కులో రాసి తీసుకురండి.