చిన్న కెమెరా సృష్టికర్త ఆస్కార్ బార్నాక్

ఛాయాచిత్రకారుల లోకంలో ఆస్కార్ బార్నాక్ సుప్రసిద్ధుడు. మన విద్యార్థి లోకంలో మాత్రం ఆ పేరు విన్నవారు తక్కువ. అయినా ఆయన నిర్ణయించిన ఒక చిన్న కొలత, 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక శతాబ్దానికి పైగా ప్రపంచమంతటా ఫోటోలకు ప్రమాణమై నిలిచింది. ఫిల్ము వాడకం తగ్గి విద్యుత్ కెమెరాలు వచ్చిన తరువాత కూడా ఆ కొలతను పూర్తి ఫ్రేము అనే పేరుతో నేటికీ గౌరవిస్తున్నారు. ఇళ్ళలో పాత బీరువాల అడుగున దొరికే ఫిల్ము కెమెరాలపై ఇటీవల యువతీయువకులకు మళ్ళీ మక్కువ కలుగుతున్నది. అటువంటి కెమెరాను చేతబట్టి నేర్చుకోదలచినవారికి బార్నాక్ జీవితమే మొదటి పాఠమని తలచి, దానిని ఇక్కడ సంగ్రహంగా వివరింపబూనుకున్నాము.

ముందుగా ఆయన కాలంనాటి ఛాయాచిత్రణం ఎటువంటిదో గ్రహించాలి. మన హైదరాబాదు ఆస్థానంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ ఆస్థాన ఛాయాచిత్రకారులుగా ఉండి, రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు పొందారు. ఆయన చిత్రాలు చూచి ఆనందించేవారు వాటి వెనుక ఉన్న బరువును ఊహించలేరు. పెద్ద చెక్కపెట్టె, మూడు కాళ్ళ పీట, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క గాజు పలక! వేటకు గాని, సైనిక విన్యాసాలకు గాని ఆ సామగ్రిని మోసుకుపోవలసిందే. కొలువు, పరివారం ఉన్నవారికి అది సాధ్యమైంది. సామాన్యుని మాట వేరు.

ఆస్కార్ బార్నాక్ అటువంటి సామాన్యుడే. 1879 నవంబరు 1వ తేదీన జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలో లీనో అనే పల్లెటూరిలో జన్మించారు. చిన్ననాట చిత్రలేఖనంపై ఆయనకు అభిమానం మెండు. కాని జీవనోపాధి వేరొక దారిని చూపింది. బెర్లిన్ శివారున ఖగోళ పరికరాలు తయారు చేసే ఒక పనిశాలలో ఆయన శిష్యరికం చేశారు. వెంట్రుకవాసి తేడాను కూడా సహించని ఆ పనిలో ఆయన చేతివ్రేళ్ళకు నైపుణ్యం అబ్బింది. విశ్వవిద్యాలయ పట్టాలేవీ ఆయనకు లేవు. పనిచేసే చేయి, ఆలోచించే బుద్ధి, ఈ రెండే ఆయన ఆస్తి.

1902లో ఆయన యేనా పట్టణంలోని సుప్రసిద్ధ కార్ల్ జైస్ సంస్థలో చేరారు. అక్కడ ఉన్న కాలంలో సెలవు దినాలలో థురింజియా అడవుల్లోకి వెళ్ళి ప్రకృతి దృశ్యాలను ఫోటో తీయడం ఆయన వినోదంగా ఉండేది. 13 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల వెడల్పు గల పలకలు వాడే పెట్టె కెమెరా, పలకలు ఉంచిన బరువైన తోలుసంచి, వీటిని వీపున వేసుకొని కొండ లెక్కవలసి వచ్చేది. ఆయనకు ఉబ్బసం వ్యాధి ఉన్నది. నాలుగడుగులు ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు.

ఇటువంటి స్థితిలో చాలామంది ఆ వినోదాన్నే మానుకుంటారు. బార్నాక్ మానుకోలేదు. తన శరీరం బరువును మోయలేకపోతే బరువునే తగ్గించవచ్చునుగదా అని ఆలోచించారు. ఫోటోలో కనిపించే పటం పెద్దదిగా ఉండాలి గాని, కెమెరాలో పడే పటం పెద్దదిగా ఉండనవసరం లేదు. చిన్న నెగెటివు తీసి, తరువాత చీకటి గదిలో పెద్దది చేసుకోవచ్చును. ఈ భావంతో ఆయన ఒకే పలకపై పదిహేను ఇరవై చిన్న బొమ్మలు తీసే ఏర్పాటు చేసి చూశారు. ఫలితం నిరాశాజనకం. నాటి పలకల రేణువులు ముతకవి కావడంతో, పెద్దది చేసినప్పుడు బొమ్మ చెదిరిపోయేది. ఆలోచన సరియైనదే, సాధనం సరియైనది కాదు. ఆయన దానిని వదలక మనసున నిలుపుకొన్నారు.

యేనాలోని మిత్రుడు ఎమిల్ మెఖావ్ అప్పటికే వెట్‌జ్లార్ పట్టణంలోని ఎర్నెస్ట్ లైట్జ్ సంస్థకు మారి ఉన్నారు. ఆయన సిఫారసుపై బార్నాక్ 1911 జనవరిలో ఆ సంస్థ ప్రయోగ విభాగానికి అధిపతిగా చేరారు. అది సూక్ష్మదర్శినులకు పేరుపడ్డ సంస్థ. కెమెరాలతో దానికి పెద్దగా సంబంధం లేదు. అయితే అక్కడ బార్నాక్‌కు చలనచిత్ర యంత్రాలపై పని తగిలింది. 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ము చేతికి వచ్చింది. ఆ ఫిల్ము రేణువులు పాత పలకలకంటె సన్ననివి. ఏళ్ళ తరబడి వెదకిన సాధనం ఆయన బల్లపైనే ఉన్నది!

సినిమా ఫిల్ములో ఒక్కొక్క బొమ్మ కొలత 18, 24 మిల్లీమీటర్లు. ఫిల్ము నిలువునా నడుస్తుంది. బార్నాక్ ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు బొమ్మల చోటును ఒకే బొమ్మకు ఇచ్చారు. 24, 36 మిల్లీమీటర్ల కొలత ఆ విధంగా పుట్టింది. 1914 మార్చి నాటికి లోహంతో చేసిన చిన్న కెమెరా సిద్ధమైంది. జేబులో పట్టే ఆ యంత్రంలో మరొక సూక్ష్మం ఉన్నది. ఫిల్మును ముందుకు త్రిప్పినప్పుడే షట్టరు కూడా సిద్ధమవుతుంది. ఒకే చోట రెండు బొమ్మలు పడే పొరపాటును చేతికి వదలక యంత్రమే నివారించింది.

అదే సంవత్సరం జూలై చివరలో ప్రథమ ప్రపంచ సంగ్రామం మొదలైంది. వెట్‌జ్లార్ వీధిలో సైనిక సమీకరణ ప్రకటన వెలువడిన ఘట్టాన్ని బార్నాక్ ఆ చిన్న కెమెరాతో తీశారు. 1920లో ఊరిని వరద ముంచెత్తినప్పుడు నీటిలో మునిగిన వీధులను తీశారు. కదలక నిలుచున్న పెద్దలను కూర్చోబెట్టి తీసిన పటాలు కావవి. జరుగుతున్న జీవితాన్ని జరుగుతుండగానే పట్టుకొన్న చిత్రాలు. అయితే యుద్ధం వలన కెమెరా తయారీ ఊసే లేకుండా పోయింది. ఆయన ఆవిష్కరణ పది సంవత్సరాలు మూలపడింది.

యుద్ధానంతరం జర్మనీలో ద్రవ్యోల్బణం ప్రజలను కుంగదీసింది. సంస్థ బాధ్యత వహించిన రెండవ ఎర్నెస్ట్ లైట్జ్ ఎదుట కఠినమైన సమస్య నిలిచింది. 1923 ప్రాంతంలో పరీక్షార్థం ఇరవైకి పైగా కెమెరాలు తయారు చేయించి అనుభవజ్ఞులకు చూపించగా, అభిప్రాయాలు ఏకముఖంగా రాలేదు. ఇంత చిన్న నెగెటివును నమ్మి ఎవరు కొంటారని సందేహించినవారున్నారు. 1924 జూన్‌లో సుదీర్ఘమైన సమావేశం జరిగింది. అందరి మాటలు విన్న తరువాత, నష్టభయానికి సిద్ధపడి కెమెరాను తయారు చేయాలనే లైట్జ్ నిర్ణయించారు. ఆ ఒక్క నిర్ణయమే లేకుంటే బార్నాక్ యంత్రం ఒక పనివాని సొరుగులో బొమ్మగా మిగిలిపోయి ఉండేది. ఆవిష్కర్తకు ఎంత ఓర్పు కావాలో, ఆయనను నమ్మే యజమానికి అంత ధైర్యం కావాలని ఈ ఘట్టం తెలుపుతున్నది.

1925 వసంతంలో లైప్‌జిగ్ సంతలో ఆ కెమెరా లోకానికి పరిచయమైంది. లైట్జ్, కెమెరా అనే మాటల తొలి అక్షరాలు కలిపి దానికి లైకా అని పేరు పెట్టారు. దానికి అమర్చిన లెన్సును మాక్స్ బెరెక్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించారు. చిన్న నెగెటివు పెద్ద పటంగా మారినా స్పష్టత చెడని విధంగా ఆ లెన్సు పనిచేసింది. బార్నాక్ యంత్రానికి శరీరమిస్తే, బెరెక్ దానికి చూపునిచ్చారని చెప్పవచ్చును.

తొలి కెమెరాలో లెన్సు ఊడదీయడానికి వీలు లేదు. 1930లో లెన్సును మరలాగా త్రిప్పి బిగించే పద్ధతి వచ్చింది. ఆ మర వ్యాసం 39 మిల్లీమీటర్లు. దీనినే స్క్రూ మౌంట్ అని పిలుస్తారు. 1932లో లైకా రెండవ నమూనాతో దూరాన్ని కొలిచే సాధనం, రేంజ్‌ఫైండర్, లెన్సుతో అనుసంధానమై కెమెరాలోనే చేరింది. 1933లో ఒక సెకను వరకు గల మందవేగాలు వచ్చాయి. 1935లో సెకనులో వెయ్యవ వంతు వేగం వచ్చింది. ఈ మార్పులన్నీ బార్నాక్ జీవించి ఉండగానే జరిగాయి. 1936 జనవరి 16వ తేదీన, తన 56వ యేట, ఆయన కన్నుమూశారు.

ఆయన పోయిన తరువాత ఆ కెమెరా వంశం దేశదేశాల విస్తరించింది. అంతకుముందే, 1934లో, నాటి సోవియట్ యూనియన్‌లోని ఖార్కోవ్ నగరంలో అనాథ బాలల కోసం ఏర్పడిన ఒక శ్రామిక నివాసంలో లైకాను పోలిన ఫెడ్ కెమెరా తయారు కాసాగింది. తరువాత సోవియట్ యూనియన్‌లోనే జోర్కి, జపానులో కానన్ మొదలైనవి అదే మరను స్వీకరించాయి. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్టియే బ్రెసో 1932లో లైకా కొని, దానినే తన కన్నుగా చేసుకొన్నాడు. 1948 జనవరిలో గాంధీ మహాత్ముని చివరి దినాలను, ఆ పిమ్మట అంతిమయాత్రను ఆయన చిత్రించాడు. 1954లో మర లేని కొత్త లైకా వచ్చినా, మర కెమెరాల తయారీ 1960 వరకు సాగింది.

ఇక ఈ కెమెరాను నేడు చేతికి తీసుకొన్న విద్యార్థికి నాలుగు మాటలు. ముందు ఫిల్ము లేకుండానే అన్ని వేగాలతో షట్టరును నొక్కి చూడాలి. తేమ గల మన ప్రాంతాలలో లెన్సు లోపల బూజు పట్టడం సహజం కనుక, దీపం వెలుతురులో పరిశీలించాలి. షట్టరు తెర గుడ్డతో చేసినది. లెన్సుపై మూత లేకుండా కెమెరాను సూర్యునికి ఎదురుగా ఉంచితే, భూతద్దం కాగితాన్ని కాల్చినట్లు ఎండ ఆ తెరను కాలుస్తుంది. అందు పడిన రంధ్రం ప్రతి పటంలోను తెల్లని మచ్చగా కనిపిస్తుంది.

ఫిల్మును వెనుకనుండి కాక అడుగునుండి ఎక్కించాలి. ఫిల్ము కొసను సుమారు 10 సెంటీమీటర్ల పొడవున సన్నగా కత్తిరించుకొంటే లోపల చిక్కుకోదు. మూత బిగించి ఫిల్మును త్రిప్పుతున్నప్పుడు రెండవ ప్రక్కనున్న గుండీ కూడా తిరుగుతున్నదా అని చూడాలి. అది తిరగకుంటే ఫిల్ము కదలడం లేదని గుర్తు. లోనికి ముడుచుకొనే లెన్సు అయితే బయటకు లాగి, త్రిప్పి బిగించిన తరువాతనే బొమ్మ తీయాలి. వేగాన్ని ఎప్పుడూ ఫిల్ము త్రిప్పిన తరువాతనే అమర్చాలి. బొమ్మ పడే క్షణంలో వేగపు చక్రం తానుగా తిరుగుతుంది కనుక వ్రేలు దానికి తగలరాదు. ఫిల్ము అయిపోయిన పిమ్మట మీటను మార్చి, మొత్తం వెనుకకు చుట్టిన తరువాతనే అడుగు మూత తెరవాలి.

దూరం సరిచూడడానికి రేంజ్‌ఫైండర్ కిటికీలోనుండి చూస్తే ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. లెన్సును త్రిప్పుతూ ఆ రెండింటినీ ఒకటిగా కలపాలి. కలిసిన చోట దూరం సరిపోయినట్లే. పాత నమూనాలలో దూరం చూచే కిటికీ వేరు, దృశ్యం చూచే కిటికీ వేరు. ఒకదానినుండి మరొకదానికి కన్ను మార్చడం మొదట చికాకు కలిగించినా, కొద్ది దినాలలో అలవాటవుతుంది. వెలుతురు కొలిచే సాధనం వీటిలో ఉండదు. మన ఎండకాలపు పట్టపగటి వెలుగులో 100 వేగపు ఫిల్ముకు లెన్సు ద్వారాన్ని 16 వద్ద, షట్టరును సెకనులో నూరవ వంతు వద్ద ఉంచితే చాలును. నీడలోనికి వెళ్ళేకొద్దీ ద్వారాన్ని విశాలం చేయాలి.

ఒక్క ఫిల్ములో 36 బొమ్మలే. అది లోపమని మేము భావించము. నొక్కే ముందు చూడవలెనని, చూచే ముందు ఆలోచింపవలెనని ఆ పరిమితి నేర్పుతుంది. బార్నాక్ పని చేసిన పద్ధతి కూడ అదే. తన ఊపిరి ఎంతవరకు అందుతుందో తెలుసుకొని, ఆ హద్దులోనే మార్గం వెదకారు. 2022 జూన్‌లో, ఆయన స్వయంగా వాడుకొన్న 105వ సంఖ్య గల కెమెరా వేలంలో ఒక కోటి 44 లక్షల యూరోలు పలికింది. ఆ మూల్యం సంపన్నుల లెక్క. ఉబ్బసంతో కొండ ఎక్కలేని ఒక పనివాడు తనకోసం చేసుకొన్న సౌకర్యం లోకానికంతటికీ సౌకర్యం కావడమే దాని అసలు విలువ. సాధనాలు చాలవని, ఆరోగ్యం చాలదని, చదువుకు తగిన వసతులు లేవని నిరుత్సాహపడే విద్యార్థి సోదర సోదరీమణులు ఈ జీవితాన్ని ఒక్కసారి మననం చేసుకొందురు గాక అని మా ఆకాంక్ష.