రుడాల్ఫ్ డీజిల్

బెంగుళూరు వీధులలో తిరుగు బస్సులకును లారీలకును పోయు డీజిల్ ఒక నూనె పేరని అనేకుల తలంపు. నిజమునకది ఒక మనుష్యుని పేరు.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జర్మను దంపతులకు జన్మించెను. 1870లో ఫ్రాన్సు, జర్మనీలకు యుద్ధము రాగా ఆ కుటుంబము లండనుకు తరలిపోయెను. పండ్రెండేండ్ల బాలుడు చదువునకై ఆగ్స్‌బర్గులోని బంధువుల యింట చేరెను. ఇంట నొక భాష, వీధిలో నొక భాష యను స్థితి మన పిల్లలకు క్రొత్త కాదు.

మ్యూనికులో చదువునాడే ఆయన నొక చింత పట్టుకొనెను. ఆవిరియంత్రమున బొగ్గులోని శక్తి నూటికి తొంబది పాళ్లు వ్యర్థమగుచుండెను. గాలిని మిక్కిలిగ అదిమినచో పుట్టు వేడిమికే ఇంధనము అంటుకొనునట్టి యంత్రమును ఆయన తలపోసెను. 1893 మొదలు ఆగ్స్‌బర్గు కర్మాగారమున నాలుగేండ్లు పాటుపడి, 1897లో నూటికి 26 పాళ్లు శక్తిని పనిగా మార్చు యంత్రమును సాధించెను.

1900లో పారిసు ప్రదర్శనమున ఓటో కంపెనీవారు ఒక చిన్న డీజిల్ యంత్రమును వేరుసెనగ నూనెతో నడిపిరి. ఖనిజతైలమునకై చేసిన యంత్రమే; మార్పేమియు లేదు. చూచినవారిలో బహు కొద్దిమందికే ఆ సంగతి తెలిసెనట! మొక్కల నూనెలు మున్ముందు ఎంతో ముఖ్యము కాగలవని డీజిల్ 1912లో అభిప్రాయపడెను.

మరుసటి యేడు సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, అప్పులలో మునిగియున్న ఆయన, ఆంట్‌వెర్ప్ నుండి ఇంగ్లండునకు పోవు ఓడలో భోజనము చేసి గదికి పోయెను. తెల్లవారునప్పటికి కనబడలేదు. కొన్ని దినములకు సముద్రమున శవము దొరకెను. ఆ మరణకారణము నేటికిని తేలలేదు.

ఖనిజతైలము చౌకగ దొరకుటచే వేరుసెనగ నూనె మాట మరుగున పడెను. పైగా మొక్కల నూనె చిక్కన. సన్నని రంధ్రములందు మసి కట్టును. కావున దానిని వడపోసి, తేమ పోగొట్టి, మిథైల్ ఆల్కహాలు, కాస్టిక్ సోడాలతో చర్య జరిపింతురు. గ్లిసరిను అడుగునకు దిగును. పలుచని ఇంధనము పైన తేలును. దానిని కడిగి, ఆరబెట్టి, నీరు, గాలి, ఎండ సోకని పాత్రలలో నిలువ చేయవలెను. లేనిచో చెడి జిగురు కట్టును. మిథైల్ ఆల్కహాలు విషము, అగ్నికి వెంటనే అంటుకొనునది. ఇండ్లలో చేయదగిన పని కాదు.

1990 తరువాతి సంవత్సరములలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయందలి ఆచార్య ఉడుపి శ్రీనివాస కానుగ నూనెతో డీజిల్ యంత్రములను నడిపి చూపెను. మనము కానుగ యనునదియు, కన్నడిగులు హొంగె యనునదియు ఒక్క చెట్టే. పూర్వము పల్లెలలో దాని నూనెతో దీపములు వెలిగించెడివారు.